నా మూతికి నాలుగు గొంతులు

ఇప్పటిదాకా తెరమీద నా మూతికి నలుగురు ఆడవాళ్ళు గొంతు ఇచ్చారు. ఆ నలుగురిలో నేను లేను. నటిని కాకముందు నేను పాటగత్తెను. నా పాట వీడియో చూసి పిలిచినవాళ్ళే అన్నిటికంటే ముందు నా గొంతు తీసి పక్కన పెట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. ఆ రోతలో సగం నామీదే.

మాది రేణిగుంట. నాయనకు మైక్ సెట్ అంగడి. పెళ్ళి, చావు, జాతర, చర్చి కూడిక, పార్టీ మీటింగు, ఏదైనా మా బాక్సులే పోయేవి. నాయన పెద్దగా చదువుకోలేదు గానీ చెవి గట్టిది. వీధి చివర నిలబడి బాక్సులో వచ్చే దగ్గు విని, మైకు ముందు ఎవరున్నారో చెప్పేవాడు. ఎనిమిదో తరగతి నుంచి నేను ఆ మైకుల్లో పాడాను. పెళ్ళిలో భోజనాల వేళ పాడితే ఎవరూ వినరు, సాంబారు కోసం కేకలు వేస్తుంటారు. నాయన ఒక్కడే వినేవాడు. "రెండో సరణంలో ఊపిరి అందలే, సూసుకో మ్మా" అనేవాడు. మెచ్చుకోవడం ఆయనకు రాదు.

పదహారేళ్ళప్పుడు తిరుపతిలో కొందరు ప్రైవేటు ఆల్బమ్ పాట తీస్తూ నన్ను పాడమన్నారు. వేరే పిల్లను తెచ్చే తాహతు లేక వీడియోలో కూడా నన్నే నిలబెట్టారు. చంద్రగిరి కొండ కింద ఎండలో లంగావోణీతో పూటంతా అడుగులు వేశాను. ఆ పాట ఎట్లా పట్టుకుందో తెలియదు, షేర్ ఆటోల్లో అదే, ఊరేగింపుల్లో అదే. శ్రీకాళహస్తి బస్సులో సీటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడి నా పాట నేనే విన్నాను. పక్కన నిలబడిన వాళ్ళకు అది నేనని తెలియదు. నా బతుకులో శుద్ధమైన సంతోషం అంటే ఆ అరగంటే.

వీడియో కింద వచ్చిన కామెంట్లు చదివాక అది కూడా కరిగిపోయింది. పాట గురించి రాసినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. మిగతావన్నీ నడుము గురించి. పదహారేళ్ళ పిల్ల నడుము గురించి పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు రాసిన రాతలు అవి. కొందరి ప్రొఫైల్ ఫొటోల్లో పక్కన కూతుళ్ళు కూడా ఉండేవారు. ఆ రాతలు చూసే హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. పాప కళ్ళు బాగున్నాయి, నటిస్తుందా అని.

అమ్మ పొంగిపోయి వీధంతా చెప్పింది. నాయన అడిగింది ఒకటే. "పాడేదానికి పిలిసినారా మ్మా, ఊరికే నిలబడేదానికా?"

నటించడమంటే మాట్లాడడమే కదా నాయనా అని నేనే తెలివిగా జవాబు చెప్పాను.

మొదటి సినిమాలో నేను హీరో చెల్లెలికి స్నేహితురాలిని. మొత్తం ఐదు మాటలు. సెట్లో ఎవరో అన్నం ఎక్కడుందని అడిగితే "ఆడ ఉండాది" అన్నాను. అంతే, లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి డైరెక్టర్ దాకా నవ్వు. "మళ్ళీ ఒకసారి అనమ్మా" అంటూ ఆ రోజంతా నాచేత అనిపించుకున్నారు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎట్లా అనుకుని నేనూ నవ్వాను. వాళ్ళతో కలిసి మా ఇంటి మాటను చూసి నవ్వాను. అది నేను చేసిన మొదటి నీచం.

తిరుపతి థియేటర్లో ఇంటిల్లిపాదీ చూశాం. తెరమీద నేను నోరు తెరిచాను. పాకంలో ముంచి తీసినట్టు ఎవరిదో గొంతు వచ్చింది. అమ్మ ఏమీ గమనించలేదు, పక్క సీటావిడకు నన్ను చూపించే పనిలో ఉంది. నాయన నావైపు వంగి "ఈ గొంతు ఎవురిది?" అన్నాడు. తెలియదన్నాను. ఇంటర్వెల్‌లో బయటికి పోయినవాడు మళ్ళీ లోపలికి రాలేదు.

అందరికీ ఇంతేనమ్మా, పెద్ద పెద్ద హీరోయిన్లకే తప్పలేదు అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు, అడిగితే. తరువాతి రెండు సినిమాల్లోనూ అంతే అయింది. ఆడిషన్‌లో పాట పాడమనేవారు, చప్పట్లు కొట్టేవారు, తరువాత ఇంకెవరినో పిలిచి నా మాటలు చెప్పించేవారు. అప్పటికి నాకు పేరు మీద ఆశ చచ్చిపోయింది. కావలసింది ఒక్కటే మిగిలింది. తెరమీద నా మూతి కదిలినప్పుడు నా గొంతు రావాలి. ఒక్కసారైనా నాయన అది వినాలి.

అటువంటప్పుడు ఆ వెబ్ సిరీస్ వచ్చింది. చిత్తూరు మామిడితోటల్లో కథ. నేను తోట కాపలాదారు కూతురిని. కథ రాసినాయన లెక్క ప్రకారం సీమ పిల్ల అన్నాక చేతిలో కొడవలి లేకుండా నీళ్ళకు కూడా పోదు. పోనీలే, కొడవలి పట్టుకుంటాను గానీ డబ్బింగ్ నేనే చెప్తానన్నాను. డైరెక్టర్ నా చేతిలో చెయ్యి వేశాడు. "మీ ఊరి పాత్ర, మీరు కాక ఎవరమ్మా" అన్నాడు. నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "సరే, వింటాం" అన్నాడు. ఆ గొంతులో ఉత్సాహం నాకు తెలిసింది.

డబ్బింగ్‌కు పోతే అక్కడ యాస నేర్పే మాస్టారు ఒకాయన కూర్చుని ఉన్నాడు. గూడూరు దాటి ఈ వైపు ఎన్నడూ రాలేదని ఆయనే చెప్పుకున్నాడు. తాతకు దగ్గులు నేర్పినట్టు నాకు చిత్తూరు మాట నేర్పడం మొదలుపెట్టాడు. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే 'అబ్బా'ను తెచ్చి నా ప్రతి మాటకూ తోక తగిలించమన్నాడు. నేను వినలేదు. తోటలోకి దొంగతనానికి వచ్చినవాణ్ణి బెదిరించే సీను. "ఏం సూస్తా ఉండావు? ఇంగొక్క అడుగేస్తే ఈ తోటలోనే పూడ్సేస్తా" అని తగ్గు గొంతుతో చెప్పాను. మా వైపు ఆడమనిషికి నిజంగా కోపం వస్తే గొంతు తగ్గుతుంది. అరవడం కోళ్ళను తోలడానికి.

డైరెక్టర్ తల అడ్డంగా ఊపాడు. "బాగుందమ్మా, కానీ సీమలాగా అనిపించట్లేదు. జనానికి తెలిసిన సీమ ఇది కాదు. అరవాలి."

మూడు రోజులు అరవకుండానే చెప్పాను. నాలుగో రోజు రావద్దన్నారు, అయిపోయిందన్నారు. ప్రోమో వచ్చినప్పుడు తెలిసింది, మొత్తం తీసేసి వేరే ఆవిడతో చెప్పించారని. "ఏందబ్బా సూస్తా ఉండావబ్బా! అడుగేస్తే పూడ్సేస్తా అబ్బా!" అని నా మూతిలోంచి ఒక కేక. రైలు కూత నయం.

సిరీస్ మాత్రం ఆడింది. ఊళ్ళో పిల్లలందరూ ఆ కేకతో రీల్స్ చేశారు. రేణిగుంట మార్కెట్లో కూరగాయలామె నా సంచిలో టమేటాలు పోస్తూ "ఏం మే, మనం అట్లనేనా మాట్లాడేది? ఊరిని ఎక్కిరించేదానికా నువ్వు అంత దూరం పోయింది?" అని అడిగింది. అది నా గొంతు కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటే అంతకు ముందు వారమే ఒక ఇంటర్వ్యూలో యాంకరు "మీ యాస ఎంత ఒరిజినల్ అండీ!" అంటే థాంక్స్ అని పళ్ళు ఇకిలించాను. నిజం చెప్తే ఉన్న ఒక్క హిట్టూ పోతుందని భయం. ఛీ, ఎంత పిరికిదాన్నో!

నాయన ఆ సిరీస్ మొదటి భాగం చూసి ఫోన్ పక్కన పెట్టాడు. నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ చెవికి వేరే చెప్పాలా!

ఆ మధ్య శ్రీకాళహస్తి దారిలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. మైక్ సెట్ మాదే. స్టేజీ పక్కన ఆంప్లిఫయర్ ముందు నాయన కూర్చుని ఉన్నాడు. పాట పాడతానన్నాను. "పాట వద్దక్కా, డైలాగు!" అని హాలంతా కేకలు. మైకు అందుకున్నాను. నాయన ఇక్కడే ఉన్నాడు, ఇదే అదను అనుకున్నాను. డబ్బింగ్‌లో చెప్పినట్టే, తగ్గు గొంతుతో, మా ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాను. నాయన తలెత్తి చూశాడు. ఆయన ముఖం అట్లా విచ్చుకోవడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

హాల్లో మాత్రం చప్పుడు లేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. యాంకరు పిల్ల నా దగ్గరికి వచ్చి "మేడమ్, ఒరిజినల్‌గా చెప్పండి ప్లీజ్" అంది. "సిరీస్‌లో మాదిరి అక్కా!" అని మళ్ళీ కేకలు. రెండు వేలమంది పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు.

అరిచాను. ఆ డబ్బింగ్ ఆవిడ ఎట్లా అరిచిందో అట్లాగే, ప్రతి మాటకూ 'అబ్బా' తగిలించి, సాగదీసి, కళ్ళు పెద్దవి చేసి అరిచాను. హాలు ఈలలతో ఊగిపోయింది. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి అరిచాను. నాయన వైపు చూడలేదు.

సాయంత్రం అందరూ పోయాక ఆయన వైర్లు చుడుతూ ఉన్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన నన్ను ఏదో ఒకటి అనేస్తే బాగుండునని ఉంది. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఫోన్లో ఇన్నప్పుడు యాడిదో పరాయి పిల్ల, కూటి కోసరం అరస్తా ఉండాదని ఊరుకున్నాను మ్మా. ఈపొద్దు ఎవురని అనుకోవల్ల?"