పెద్దమ్మ గట్టు మీద ‘అడ్జస్ట్’

నా చిన్నప్పుడు, ఉయ్యూరు పక్కన మా పల్లెలో, మా పెద్దమ్మ ఒక్కతే చెరకు సాగు చేయించేది. పెద్దనాన్న అప్పటికే పోయాడు. ఆమె చేను రోడ్డు పక్కన, దాని వెనక చేను ఊళ్లో పెద్ద ఆసామిది. ముందు రోడ్డు పక్క చేను నరికితే, ఖాళీ అయిన ఆ నేల మీదుగా వెనక చేని బండ్లు బయటికొస్తాయి. ఏటా అదే వరస కాబట్టి చెరకు నరకమని చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డరు కూడా ముందు పెద్దమ్మకే వచ్చేది.

ఆ ఏడు ఆసామి ఎవరినో పట్టుకుని ఆర్డరు తనకు ముందుగా మార్పించుకున్నాడు. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని అడగడానికి వెళ్లింది. చెరకు ముదిరిపోయిందని, ఇంకా ఆగితే బరువు తగ్గుతుందని చెప్పుకుంది. ఆయన కూర్చోమని కూడా అనలేదు. పేపరు చదువుకుంటూనే జవాబిచ్చాడు.

“కాస్త అడ్జస్టవ్వండమ్మా.”

దారిలో ఆ మాటకు అర్థమేమిటని నన్నడిగింది. బళ్లో ఇంగ్లీషు మొదలైందన్న గర్వంతో, సర్దుకోవడమని చెప్పాను.

“సర్దుకోవడమంటే ఇద్దరూ జరగాలి గదే. ఆయన జరిగిందెక్కడ?” అంది.

ఆసామి చెరకు నరికించేశాడు. ఇక బండ్లు పెద్దమ్మ పైరును తొక్కుకుంటూనే పోవాలి. మగదిక్కు లేని మనిషి, ఏం చేస్తుందిలే అని ఆయన ధీమా. పెద్దమ్మ పొద్దున్నే గట్టు మీద పీట వేసుకుని, చెరకు కత్తి పక్కన పెట్టుకుని కూర్చుంది. బండ్లవాళ్లు ఎడ్లను ఆపేశారు.

నిలబడ్డ చెరకు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. నరికి పడేసింది ఓర్చుకోదు, ఎండకు రసమంతా ఇగిరిపోతుంది. పెద్దమనుషులు వచ్చి బతిమాలారు. వాళ్లకు మజ్జిగ ఇచ్చింది, దారి ఇవ్వలేదు. చివరికి ఆసామే వచ్చి ఎండలో నిలబడ్డాడు. పెద్దమ్మ లేవలేదు.

“కాస్త అడ్జస్టవ్వండి బాబుగారూ. ముందు నాది నరకాలి.”

ఆయనే ఫ్యాక్టరీకి పరుగెత్తి పెద్దమ్మకు ఆర్డరు తెచ్చాడు. ఆమె చెరకంతా వెళ్లాక ఆయన బండ్లు కదిలాయి. అప్పటికి వాటిలో ఉన్నవి ఎండు కట్టెలే. పెద్దమ్మ ఆఖరి బండి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు అన్నం తింది.

ఇప్పుడు నేనుండేది బెజవాడలో. బస్సులో, బ్యాంకులో, పెళ్లి భోజనాల దగ్గర ఆ మాట వినని రోజుండదు. అన్నవాళ్లు ఎంత జరిగారో చూశాకే నేను కదులుతాను. పగ మంచిది కాదని మనవలకు చెప్పాల్సిన వయసు నాది. చెప్పను. ఆయన చెరకు ఎండిన ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంటుంది.