హొరేస్ చేతిలో కొడుకు ఓటు

హల్ ఓడరేవు మీద బాంబులు కురిసినన్నాళ్ళూ హొరేస్ డెంట్ ఇనప టోపీ నెత్తిన పెట్టుకుని, కూలిన ఇళ్ళ కిందినుంచి మనుషుల్ని బయటికి లాగాడు. ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికొచ్చి, రేడియోలో పెద్దాయన గొంతు వింటేగానీ ఆయనకు టీ గొంతు దిగేది కాదు. ప్రధానమంత్రిని ఆ ఇంట్లో పెద్దాయన అనే అనేవాళ్ళు. జర్మనీ ఓడి, ఎన్నికలు నెత్తిమీదికి రాగానే పెద్దాయన బొమ్మ కిటికీకి ఎక్కింది.

కొడుకు రెగ్ మాత్రం ఇంకా బర్మాలో జపానువాళ్ళతో పోరాడుతున్నాడు. అంత దూరాన ఉన్న సిపాయి ఓటు ఇంట్లోవాళ్ళు వెయ్యొచ్చు. రెగ్ తండ్రి పేరిచ్చాడు. ఇచ్చి ఊరుకున్నాడా? పెద్దాయనకి ఎదురు నిలబడ్డ లేబర్ పార్టీకే వెయ్యమని రాశాడు.

హొరేస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "పెద్దాయన్ని దింపడానికి నా చెయ్యే దొరికిందా వీడికి?"

"చెయ్యి నీది. ఓటు వాడిది," అంది భార్య ఐవీ.

"ఎవరికి వేశానో వాడికెవరు చెప్తారు?"

నోరు జారాడు, పాపం. ఐవీ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ రోజునుంచి ఇంట్లో మాటలు తగ్గాయి.

అంతలో పెద్దాయన రేడియోలో, లేబర్‌వాళ్ళు గద్దెనెక్కితే హిట్లర్ పోలీసుల్లాంటివాళ్ళు మనకీ దాపురిస్తారని అనేశాడు. అంతటి మనిషి అనాల్సిన మాటేనా అది! హొరేస్ టక్కున రేడియో కట్టేశాడు. కిటికీలో బొమ్మ మాత్రం తియ్యలేదు.

ఆ వారమే బడి హాల్లో పెద్దాయన పార్టీ మీటింగు. గొడవ చేసినవాళ్ళని బయటికి పంపే పని హొరేస్‌ది. చేతికి పట్టీ కట్టుకుని గోడవార నిలబడ్డాడు.

"పెద్దాయన్ని కాదంటే, మన కోసం ప్రాణాలిచ్చిన కుర్రాళ్ళని కాదన్నట్టే!" అన్నాడు అభ్యర్థి. హాలంతా చప్పట్లు.

వెనక వరసలో ఓ ఆడమనిషి లేచింది. హొరేస్ అటు తిరిగి చూశాడు. ఐవీ!

"ఒక్క ముక్క బాబూ. నా కొడుకు బర్మాలో ఉన్నాడు. వాడు లేబర్ మనిషి. మరి వాడూ హిట్లర్ బాపతేనా?"

"కూర్చోవమ్మా!"

"సిగ్గు లేదూ, మనల్ని బతికించినాయన్ని పట్టుకుని!" పక్కింటి మేబెల్ ఒంటికాలిమీద లేచింది.

"బతికించాడు, నేను కాదన్నానా? ఆయన అన్న మాట తప్పు. వెనక్కి తీసుకోమనండి!"

"ఆవిణ్ణి బయటికి పంపించండి," అన్నాడు అభ్యర్థి, హొరేస్ వైపు చూస్తూ. ఆవిడ హొరేస్ పెళ్ళామని పాపం, ఆయనకేం తెలుసు.

హొరేస్ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి ఐవీ మోచెయ్యి పట్టుకున్నాడు.

"పెళ్ళాన్ని ఇంట్లోనే కట్టేసి రావాల్సిందోయ్!" అని ఎవడో అరిచాడు. హాలు ఘొల్లుమంది. హొరేస్‌కి తల కొట్టేసినట్టయింది. ఐవీ మాత్రం పెనుగులాడలేదు. గుమ్మం దగ్గర మెల్లిగా అంది:

"నన్ను గెంటావు, సరే. వాణ్ణి కూడా గెంటెయ్యకు."

పోలింగు రోజు అదే బడికి ఇద్దరూ నడిచి వెళ్ళారు. ఐవీ చిటికెలో ఓటేసి బయటికొచ్చింది. హొరేస్ చేతిలో రెండు చీటీలు. తనది క్షణంలో అయిపోయింది. రెండోది ముందు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చుట్టూ తెర. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. పెద్దాయన పార్టీకే గీసి పడేస్తే సరి, అడవిలో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది? అసలు వెధవ వాళ్ళమ్మ పేరే ఇచ్చి ఉండొచ్చుగా! ఆవిడైతే ఎగిరి గంతేసి వేసేది. తననే ఎందుకు నమ్మాడు?

బయట ఐవీ కొంగలా మెడ సాచి చూస్తోంది. హొరేస్ వచ్చి మెట్టుమీద కూలబడ్డాడు.

"వేశావా?"

"వాడు చెప్పినట్టే. నాది పెద్దాయనకి. రెండూ చెల్లుకి చెల్లు. ఇంతా చేసి నేను ఓటే వెయ్యనట్టయింది."

ఐవీ వంగి ఆయన మోచెయ్యి పట్టుకుని లేపింది.

"నువ్వు వెయ్యకపోతే పోనీలేవయ్యా," అంది. "మనవాడు వేశాడు."