అరవై మందికి ఒకే నాయనమ్మ

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు వ్యాసరచన చెబుతాను. గైడు మాటల్లో కాకుండా సొంత గొంతుతో రాయమనేది నా మొదటి పాఠం. అదెలాగో చూపించడానికి ఒకరోజు, నీళ్లు మోస్తూ మా నాయనమ్మ మట్టి బిందె పగలగొట్టుకున్న సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పాను.

"సార్, జర మెల్లగ చెప్పుండ్రి, రాసుకుంటున్నం" అన్నారు వెనక బెంచీ నుంచి.

అక్కడే ఆపాల్సింది. మురిసిపోయి, కామాలతో సహా చెప్పి రాయించాను.

వారం తర్వాత డిజిటల్ విద్య మీద వ్యాసం రాయమన్నాను. చిక్కడపల్లిలో మా ఇంట్లో కూర్చుని దిద్దుతుంటే, పేపరు పేపరుకీ ఒక నాయనమ్మ బిందె పగలగొట్టుకుంటోంది. ఒకాయన నాయనమ్మయితే ఫోన్ చూస్తూ నడిచి పడేసుకుంది.

అరవైలో ఒక్క పేపరులోనే బిందె లేదు. రాసింది మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి వచ్చి, నారాయణగూడ హాస్టల్‌లో ఉంటున్న అమ్మాయి. 'మా గదిలో ఆరుగురికి ఒకటే ప్లగ్గు. ఆన్‌లైన్ చదువులో నాకు మొదట వచ్చిన పాఠం వరసలో నిలబడటం' అని మొదలుపెట్టింది. నేను అందరికన్నా తక్కువ మార్కులు వేసి, 'పరీక్షకు పనికిరాదు, నేను రాయించిన నమూనా చూడండి' అని ఎర్రసిరాతో రాశాను.

పేపర్లు ఇచ్చిన మర్నాడు ఆమె పాతదానితో పాటు కొత్త పేపరు తెచ్చింది. నెలలో మెయిన్స్. ఇదే ఆఖరుసారి అని ఇంట్లో చెప్పేశారట.

"మా నాయనమ్మకు ఇంట్లనే నల్లా ఉండె సార్. బిందె ఎన్నడు మొయ్యలే. అయినా మీ కోసం పగలగొట్టిన. ఇప్పుడు మంచిగుందా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మా నాయనమ్మ కూడా మొయ్యలేదమ్మా. నేను పరీక్షలకు చదివేటప్పుడు ఒక పాత గైడులో బట్టీ పట్టిన బిందె అది."

"అంటే ఆ గైడు రాసినాయన నాయనమ్మదా సార్?"

"ఆమె అయినా మోసిందో లేదో."

పాత పేపరు మీది ఎర్రసిరా రాత కొట్టేసి, ప్లగ్గే రాయమన్నాను.

"మరి అక్కడ దిద్దేటాయన కూడ మీ లెక్కనే ఉంటే?"

ఆరోజు క్లాసులో అందరిముందూ నిజం ఒప్పుకున్నాను. "మరి మీ నాయనమ్మ నిజంగ ఏం చేసెటిది సార్?" అని అడిగారు. చక్కెర డబ్బా దాచి, ఎక్కడ దాచిందో మర్చిపోయేదన్నాను. అరవై పెన్నులూ టక్కున తెరుచుకున్నాయి. మూయించేసరికి నా గొంతు పోయింది.

మెయిన్స్ అయ్యాక ఆమె ఫోన్ చేసింది.

"ప్లగ్గే రాసిన సార్. నా పక్కనామె చక్కెర డబ్బా రాసిందట."

ఫలితాలు ఇంకా రాలేదు. ఆమెకన్నా నాకే ఎక్కువ పరేషాన్‌గా ఉంది.