సుబ్బులమ్మ పేరున పెట్టిన భోజనం

"డబ్బు కోసం కాదు కిరణ్ సార్ ఫోన్ చేసింది. మీ అమ్మకు మోకాలు ఎట్లుండాదో కనుక్కుందామని. నడస్తా ఉందా? గోడ పట్టుకోకుండానే? అయితే ఆమెకే ఇయ్యండి ఒకసారి."

నాగవేణి ఆ పెద్దావిడతో చాలాసేపు మాట్లాడింది. ఆముదం కాచి రాయడం గురించి, ఆవిడ కోడలి ఉద్యోగం గురించి. చందా ఊసు ఎత్తనే లేదు. ఫోన్ పెట్టేశాక మామూలుగా, పక్క బల్ల దగ్గర ట్రస్టు లెక్కలు రాసే నా వైపు తిరిగి నవ్వుతుంది. ఈ రోజు నవ్వలేదు.

తిరుపతిలో ఒక ఆసుపత్రి వెనక సందులో, రోగుల వెంట వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం అన్నం పెట్టే చిన్న ట్రస్టు అది. దాతలను పలకరిస్తూ ఉండటం నాగవేణి పని. అంతకుముందు అలిపిరిలో, కొండకు నడిచి వెళ్ళే యాత్రికుల సంచులు దాచే చోట ఉండేది. భర్త ఆసుపత్రిలో పడినప్పుడు తనూ ఈ హాల్లోనే వరుసలో కూర్చుని తిన్నది. ఈ పొద్దు అన్నం పెట్టించిన మనిషి ఎట్లాంటివాడని అప్పుడు అడిగితే ఎవరికీ తెలియదట. ముఖం తెలియనివాళ్ళ అన్నం గొంతు దిగలేదు అంటుంది. భర్త పోయాక ఆ ముఖాలు తెలుసుకునే పనికే కుదురుకుంది.

ఇక్కడ ఎక్కువమంది తమవాళ్ళ తిథికి భోజనం పెట్టిస్తారు. పోయినవాళ్ళకు ఏం ఇష్టమో నాగవేణి అడిగి, అదే వండిస్తుంది. వేళకు దాతకు ఫోన్ చేసి, ఆ ఫోన్‌ను వడ్డన బల్ల మీద పెడుతుంది. వడ్డించే మునిశేఖర్ మొదటి గరిటె అన్నం వేసే ముందు దాత పేరు, పోయినవాళ్ళ పేరు గట్టిగా చెబుతాడు. హాలంతా "గోవిందా" అంటుంది. ఎక్కడో ఇంట్లో కూర్చున్న దాత చెవిన ఆ గోవింద పడుతుంది. ఏడాదంతా ఆ ఒక్క కేక కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు.

నగరిలో మరమగ్గాలు నడిపే ఇంటి సుబ్బులమ్మ అలాంటి ఆవిడే. ఏటా భర్త ధనంజయ తిథికి దోసకాయ పప్పుతో భోజనం పెట్టిస్తుంది. నాగవేణి అంటే ప్రాణం. పండక్కి తమ మగ్గం మీద నేసిన చీర పంపుతుంది. ఈ ఏటి తిథి రోజున మునిశేఖర్ నోట పేర్లు తారుమారయ్యాయి. దాత ధనంజయ అన్నాడు. స్వర్గస్థురాలైన సుబ్బులమ్మ ఆత్మశాంతి కోసం అన్నాడు. హాలు గోవింద కొట్టింది. ఫోను చెవికి ఆనించుకుని బతికున్న సుబ్బులమ్మ అదంతా విన్నది.

నాగవేణి ఉరికి వెళ్ళి ఫోను అందుకుని, పొరపాటైపోయిందమ్మా అని మొదలుపెట్టింది. సుబ్బులమ్మ గొంతులో కోపం లేదట, కొత్త పెళ్ళికూతురి గొంతులా ఉందట.

"పొరపాటు ఏముండాది? ఆయనే పెట్టించినాడు. నన్ను రమ్మంటా ఉండాడు."

అంతే, పెట్టేసింది. ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు. కోడలు లోహిత కంచం ముందు పెడితే, ఒక్క ముద్దయినా కలపకుండానే "పోదుం, పోదుం" అని అరవంలో చాలంటూ, కడుపు నిండినవాళ్ళలా చేయి అడ్డం పెడుతుంది. మజ్జిగ నీళ్ళు మాత్రం గుక్కెడు తాగుతుంది. కంచంలో అన్నాన్ని తనే తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెడుతుంది. తద్దినాలకు ఎంత పిలిచినా రాని కాకులు, ఆమె చెయ్యి వెనక్కి తీసుకోకముందే వాలుతున్నాయట.

మరునాడే నాగవేణి మళ్ళీ ఫోన్ కలిపి, సుబ్బులమ్మ నూరేళ్ళు చల్లగా ఉండాలని హాల్లో చెప్పించింది. అవతల మగ్గాల టకటక తప్ప మనిషి అలికిడి లేదు. ఇక్కడ గోవింద అనగానే అక్కడ మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోలేదు, మేమెవరమూ ఆపలేదు అంది లోహిత. అప్పటి నుంచి నాగవేణి ఫోన్‌ను బల్ల మీద పెట్టడం మానేసింది.

నిన్న తనే నగరికి పోయి వచ్చింది. సుబ్బులమ్మ మడత నలగని చీర కట్టుకుని, చాప మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉందట. తప్పుడు చావు కబురు వస్తే ఆయుష్షు పెరుగుతుందంటారు కదమ్మా అని నచ్చజెప్పబోయింది.

"పెరిగింది ఎవురిదో," అంది సుబ్బులమ్మ. కాసేపాగి, "ఆ పొద్దు పప్పులో ఉప్పు సాల్లేదు గదా మే," అంది.

ఉప్పు నిజంగానే చాలలేదట. హాల్లో ఎవరో ఉప్పు అడిగింది ఫోన్లో వినబడి ఉంటుందిలే అన్నాను.

"పప్పు వడ్డించకముందే ఫోను పెట్టేసింది గదప్పా."

బయట భోజనానికి వచ్చినవాళ్ళు గిన్నెలతో వరుస కడుతున్నారు. డాక్టరుకు చూపించారా అని అడిగాను. చూశాడట. వయసుకు బాగానే ఉందన్నాడట, కడుపుకు పెట్టకపోతే మాత్రం ఎక్కువ రోజులు నిలవదన్నాడట.

నాగవేణి అత్త ఒక మాట అనేదట. పోయినవాళ్ళకు మనం వడ్డిస్తాం, పోయినవాళ్ళు మనకు వడ్డించరు. ఇంకొకరికి వడ్డించిన చెయ్యి బతికున్న చెయ్యే, ఆ తర్వాత అది తన కంచంలోకీ పోతుంది. ఆ మాట పట్టుకుని నిన్న నాగవేణి, ఆకలేస్తోంది అన్నం పెట్టమ్మా అని సుబ్బులమ్మను అడిగింది. ఆమె లేవబోయి మళ్ళీ చతికిలబడింది. నా పేరున తిన్నదానివి, నీకు మళ్ళీ పెట్టకూడదు అంది. నిజమే, ఆ రోజు నాగవేణీ హాల్లోనే తిన్నది. మునిశేఖరూ తిన్నాడు. ఇంట్లోవాళ్ళు అన్నం పెట్టమని అడిగితేనేమో సుబ్బులమ్మ వినబడనట్టే ఉంటుంది.

తిథి రోజున నేనెక్కడున్నానని నాగవేణి అడిగింది. చిత్తూరులో పెళ్ళికి పోయానన్నాను. ఆ పూట ఇక్కడి మెతుకు ఒక్కటీ ముట్టలేదు కదా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తర్వాత నా సంచి తీసి నా చేతికిచ్చింది. మద్రాసు బస్సుకు పోతున్నానని తనకు తెలుసు.

"దోవలో నగరిలో దిగిపో నాయనా. మద్రాసు బస్సులు వస్తానే ఉంటాయి. వాకిట్లో నిలబడి, సుబ్బులమ్మవ్వా అని పేరు పెట్టి పిలువు. పలకకుంటే మళ్ళా పిలువు. ఆకలవతా ఉండాది, అన్నం పెట్టవ్వా అని అడుగు. లోహిత పెడితే తినొద్దు. ఆమె లేసి తన చేత్తోనే పెట్టాల. పెట్టినాక నువ్వు తిను, కానీ ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆకు ముందరి నించి లేవొద్దు."