లవంగాల గిన్నె

మా తాతలనాటి భవంతి, ఈ దేవిడీలో ఇప్పుడు మిగిలినవి వీధి దర్వాజా, తాంబూలం సరంజామా పెట్టుకునే వెండి పాన్‌దాన్. దర్వాజా వెనుక గదుల్లో ఒకదాంట్లో సెల్‌ఫోన్ల దుకాణం, ఇంకోదాంట్లో జిరాక్సు మిషను, మిగతా రెండింట్లో నేను. గద్వాలలో బస్సు దిగి దేవిడీ ఎక్కడని అడిగితే "జిరాక్సు దుకాణమా?" అంటారు. నేను మాత్రం దేవిడీ అనే అంటాను.

మా ఇంటి ఆడవాళ్లు భర్తను నోరు తెరిచి ఏదీ అడగరు. కావలసినదాని గుర్తు పాన్‌దాన్‌లోని లవంగాల గిన్నెలో పెట్టి, దాన్ని ఆయన ముందుకు జరుపుతారు. దాదీకి గాజులు కావాలంటే విరిగిన గాజుముక్క పెట్టేదట. అమ్మ తలనొప్పి వస్తే మందుబిళ్లల ఖాళీ రేకు పెట్టేది. మగవాళ్లు చూసి మాట్లాడకుండా తెచ్చేవాళ్లు. మా ఆయన ఈ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. కొత్తలో నేను చీర కోసం దారప్పోగు పెడితే, చెత్త పడిందనుకుని ఉఫ్ఫున ఊదేశాడు. తర్వాత నేర్చుకున్నాడు. ఆ తర్వాత దుబాయిలో డ్రైవరు పనికి పోయాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చేవాడు. ఈ ఎండాకాలం పూర్తిగా వచ్చేస్తున్నానని ఫోన్ చేశాడు.

ఆ కబురు నాకంటే ముందు గాజులమ్మే ఆమెకు తెలిసినట్టుంది. ఆమెది రాజోలి. మాలాగే ముసల్మానే కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా అమ్మ ఆమెను గడప బయట కూర్చోబెట్టేది. నేను కుర్చీ వేస్తాను. అంత మారాను.

"సాబ్ వస్తుండంట గద, బేగమ్ సాబ్. ఎర్ర గాజులా, పచ్చయా?"

"నా వయసుకు ఏవైనా ఒకటే."

"నీ వయసు సాబ్‌కు ఎరికేనా?" అని నవ్వి, గొంతు తగ్గించింది. "నవ్వులాట కాదు. మా చెల్లె మొగడు బొంబాయి పోయొచ్చిండు. ఎయిడ్స్ జబ్బు చెల్లెకు గూడ అంటింది. అచ్చంపేటల దినాం మందులు మింగుతది. మంచిగనే ఉంది, పత్తి ఏర పోతది. గని ముందుగాల ఆయనకు పరీక్ష చేయించి ఉంటే ఆ తిప్పలు తప్పుతుండె."

"మా ఖాందాన్‌లకు గసొంటి జబ్బులు రావు."

"అవు మల్ల. మీ దర్వాజ సూసి, సలాం కొట్టి వాపస్ పోతయి."

ఆ రోజు కోపంతో గాజులు కొనలేదు. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అన్నేళ్లు ఒంటరిగా ఉన్న మనిషి ఎట్లా ఉన్నాడో నేను ఎన్నడూ అడగలేదు. దానికి గిన్నెలో ఏం పెట్టాలో మా అమ్మ నేర్పలేదు.

గద్వాల దవాఖానలో అడుగు పెడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని ముందు నా పరీక్ష కోసం వనపర్తి పోయాను. నల్ల బురఖా, నకాబు, కళ్లు తప్ప ఏదీ కనపడదు. బెంచీ మీద కూర్చున్నానో లేదో, పక్కనున్న బురఖా నవ్వుతో ఊగడం మొదలుపెట్టింది.

"సలాం, బేగమ్ సాబ్."

గాజులామె!

"నన్నెట్ల గుర్తు పట్టినవ్?"

"అందరు బెంచీకి ఆనుకున్నరు. ఒక్కతే గోడ లెక్క కూసున్నది. ఇంకెవరుంటరు?"

"నువ్వెందుకొచ్చినవ్?"

"మా ఆయన లారీ మీద తిరుగుతడు గద. గద్వాలల చేయించుకుంటే నీకు తెలుస్తదని గింత దూరం వచ్చిన."

నా రక్తంలో జబ్బు లేదన్నారు. లేచి వస్తుంటే నర్సమ్మ ఆపి, ఆయన పరీక్ష అయ్యేదాకా వాడమని నిరోధ్ ప్యాకెట్లు చేతిలో పెట్టింది. నాకు నెలసరి ఆగి చాలా కాలమైంది, ఇవెందుకన్నాను.

"అవి పిల్లలు పుట్టకుండ ఉండేటందుకే కాదమ్మా. ఈ వయసులో లోపల తడి తగ్గుతది, తొందరగా గీరుకుపోతది. జబ్బు అంటుకునుడు ఇంకా అల్కగైతది."

బస్సులో గాజులామె నా పక్కనే కూర్చుంది.

"మరి సాబ్‌కు చెప్తవా?"

"మా ఇంట్లో అడిగే రివాజు లేదు."

"అడగకుండ రోగం దెచ్చుకునే రివాజు ఉన్నదా?"



ఆయన వచ్చిన రోజు మధ్యాహ్నం, భోజనం అయ్యాక, పాన్‌దాన్ ముందుకు జరిపాను. ఆకు తీశాడు, సున్నం రాశాడు, కాచు అద్దాడు. లవంగం కోసం పోయిన వేళ్లు గిన్నెలో ఆగిపోయాయి. ప్యాకెట్ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నా మీద షక్కా?"

గిన్నెలో పెట్టడానికి దీనికి జవాబు లేదు. నోరు తెరిచాను.

"షక్కు కాదు, భయం. నేను వనపర్తిల రక్తం ఇచ్చొచ్చిన. మీరు గూడ ఇయ్యాలె. ఇయ్యనంటే మీ మంచం ముందర గదిలనే."

చాలాసేపు ఆకు మడుస్తూనే ఉన్నాడు. ఆ ఆకు అంతసేపు మడవవలసింది కాదు.

"ఇంత మాట నోటితోనే అనొస్తే, ఇన్నేండ్లు నాతోని ఆ గిన్నెల చెత్త ఎందుకు వెతికిచ్చినవ్?" అన్నాడు చివరికి. మడిచిన ఆకు నోట్లో పెట్టుకుని, "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

మరుసటి రోజు వనపర్తి దవాఖానలో ఆయన్ని లోపలికి పిలిచారు. తలుపు మూసుకుంది. నేను మొదట బెంచీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. గాజులామె లేదు. అప్పుడు అందరిలాగే వెనక్కి ఆనుకున్నాను.