బర్రె కింద ఉత్తమ చిత్రం

దేశం మొత్తం మీద ఏటా ఒక్క సినిమాకే దక్కే, ఉత్తమ చిత్రం అనే ఆ పెద్ద బహుమతి చరిత్ర వికారాబాదు జిల్లాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు, కానీ ఇది గొప్పే. నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో ఆ బహుమతి సినిమాలు వేసేవాళ్ళు. మా గల్లీ అంతా భోంచేసి, టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో చేరి, పేర్లు పడేలోపే గురక అందుకునేది. నేనొక్కణ్ణే మేలుకుని ఉండేవాణ్ణి. ఒక సినిమాలో ఒకాయన గుమ్మంలో నిలబడి ఆకాశం వంక చూడడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి పోయి, నీళ్ళు తోడుకుని తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని వచ్చినా ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. అంతటి తపస్సు ఊరికే పోతుందా? కాస్త ఆలస్యంగా, బట్టతల వచ్చాక, పనికొచ్చింది.

పిల్లనిచ్చిన మామకు వికారాబాదులో ఒక సినిమా హాలుంది. ఉంది అంటే నాలుగు గోడలు, కప్పు, కప్పు కింద తెలంగాణలోని పావురాలన్నీ ఉన్నాయి. మూతబడి ఏళ్ళయింది. దాన్ని ఫంక్షన్ హాలు చేద్దామని మామ పట్టుదల. మా బామ్మర్దికి ఆ హాలంటే ప్రాణం. వాడికి ఊయల కట్టింది తెర వెనకేనని, ఫైటింగ్ చప్పుడు లేకపోతే నిద్రపోయేవాడు కాదని మా అత్త ఇప్పటికీ చెబుతుంది. వాడు తండ్రి చుట్టూ తిరిగి తిరిగి సగం చిక్కిపోయాడు.

"ఒక్క ఆట, బాపు. ఒక్క ఆట ఆడనియ్యి."

మామ మీసం సవరించుకున్నాడు. "సరే తీయ్. మొదటి ఆటకు ఒక్క కుర్చీ ఖాళీ ఉన్నా తెల్లారి పొద్దుగాలనే మండపమోళ్ళను పిలుస్త. మల్ల ఏడ్వద్దు."

మామ మాటంటే శాసనం. ఎప్పుడో ఒకసారి కోపంలో ఇక వంకాయ ముట్టనన్నాడు. ఆనాటి నుంచి ఆ వీధిలోకి వంకాయల బండి రావడమే మానేసింది.

బామ్మర్ది నా దగ్గరికి వచ్చాడు. "బావా, కొత్త సినిమా మిషిన్ తెచ్చిన, కుర్చీలు కుట్టిపిచ్చిన. ఏం జేస్తే జనం వస్తరో నువ్వే చెప్పాలె."

నా తపస్సు ఫలించే ఘడియ వచ్చిందని నాకు తెలిసిపోయింది. హాలు వరండా గోడ పొడవునా ఆ పెద్ద బహుమతి చరిత్ర మొత్తం రాళ్ళ మీద చెక్కించి పెడదామన్నాను. ఏడాదికో బండ. బండ మీద సంవత్సరం, సినిమా పేరు, భాష. మన పక్కనే తాండూరు ఉండగా రాతికి కరువా? దేశంలో సగం ఇళ్ళు మన తాండూరు బండల మీదే నడుస్తున్నాయి, మిగతా సగం వాటి మీద జారిపడుతున్నాయి.

తాండూరులో బండలు పాలిష్ పట్టే కార్ఖానాకు వెళ్ళాం. అక్కడి మేస్త్రీ కర్ణాటక సరిహద్దు అవతలివాడు, చేయి తిరిగిన చెక్కడపు పనివాడు, నోరు అంతకంటే తిరిగినది. నేను చరిత్ర చెబుతుంటే తను చెక్కుతూ పోయాడు. మొదటి బండ మరాఠీది. ఆ తర్వాత హిందీది ఒకటి తల దూర్చింది. ఆ పైన బెంగాలీలు దిగారు. దిగినవాళ్ళు ఎక్కడా లేవలేదు. మేస్త్రీకి చేతులు నొప్పి పుట్టి, "సారూ, గీ బెంగాలోళ్ళు ఒక్క ఏడాదన్నా జెరం వచ్చి పండుకోలేదా?" అని అడిగాడు. నడుమ నడుమ మలయాళం వచ్చింది, అస్సామీ వచ్చింది, కన్నడం వచ్చింది. కన్నడం వచ్చిన ప్రతిసారీ వాడు ఉలి పక్కన పెట్టి లేచి నిలబడేవాడు.

"నమ్ కన్నడక్క ఎష్ట్ సల బందద నోడ్రి! మా కన్నడకు ఎన్నిసార్లొచ్చిందో చూడుండ్రి సారూ! మీ తెలుగు ఏడ తప్పిపోయింది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కాని ఏమనగలను? ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని సంస్కృతానికి కూడా రెండుసార్లు వచ్చింది ఆ బహుమతి. పొద్దున లేస్తే ఇన్ని కోట్లమందిమి ఒకళ్ళనొకళ్ళం తిట్టుకునే తెలుగుకు రాలేదు. దశాబ్దాలు నోరు మూసుకుని కూర్చున్నాక, ఒకే ఒక్కసారి, డప్పులు కొట్టుకుంటూ వచ్చింది. ఆ సంవత్సరం దగ్గరికి రాగానే నేను మేస్త్రీ చేయి పట్టుకుని ఆపాను.

"ఇది మాత్రం పెద్దగుండాలె. అన్నిట్లకు రెండింతలు."

"మూడింతలు జెయ్," అన్నాడు బామ్మర్ది.

ఆ బండ చెక్కడం పూర్తయిన రోజున తాండూరు ఒక పక్కకు ఒరిగిందని నా అనుమానం. నున్నటి నీలం రాయి, దాని మీద చేటంత అక్షరాలు. మర్నాడే బామ్మర్ది ఆటోకు మైకు కట్టించి నవాబుపేట దాకా తిప్పాడు. తెలుగు గెలిచిన బండను ముట్టుకోండ్రి, దాని పక్కన నిలబడి ఫోటో దిగుండ్రి, గెలిచిన ఆ సినిమానే తెర మీద చూడుండ్రి! ఊరంతా అదే మాట. మా ఆవిడ ఆ ఫోటో కోసం కొత్త చీర తీసింది, దానికి నేను కారణం కాదని నేను వాదించలేకపోయాను.

ఆట రేపనగా ఉదయం కార్ఖానా నుంచి బండలు వచ్చాయి. మరాఠీ వచ్చింది. బెంగాలీలు గుంపులు గుంపులుగా దిగారు. కన్నడం తళతళ మెరుస్తోంది. తెలుగు లేదు.

మోటారు బండి మీద తాండూరుకు ఎట్లా చేరామో నాకు గుర్తులేదు. దారిలో బస్సులు మాకు దండం పెట్టి పక్కకు తప్పుకున్నాయి. మేస్త్రీ తలకు రుమాలు చుట్టుకుని కూలబడి ఉన్నాడు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. పాలిష్ పట్టిన బండలను ఎప్పుడూ మొహానికి మొహం ఆనించి నిలబెడతారు, గీతలు పడకుండా. సరిజోడు బండ లేక మా పెద్ద బండను మాత్రం గోడ వైపు మొహం తిప్పి నిలబెట్టారు. బయటికి కనబడేది గరుకు వీపే. మూడు రోజుల క్రితం కోట్‌పల్లి నుంచి ఒక ఆవిడ బర్రెల కొట్టంలో పరవడానికి బండలు కొనుక్కుపోయింది. కొట్టానికి ఎవరూ నునుపు చూడరు, వెడల్పు చూస్తారు. హమాలీలకు ఒక బండ తక్కువైంది. ఎదురుగా ఇంత వెడల్పు వీపు కనబడింది. ఎత్తి ఆమె బండిలోకి ఎక్కించారు.

"చిన్నగ చెక్కనిస్తే గిట్ల కాకపోవు సారూ," అన్నాడు మేస్త్రీ. "మా కన్నడ బండలు చిన్నగున్నయ్, మంచిగ ఇంటికొచ్చినయ్."

బామ్మర్ది మేస్త్రీ మీదికి పోబోతే నేను మధ్యలో నిలబడి, బామ్మర్దిని బండి ఎక్కించి, కోట్‌పల్లి వైపు తిప్పాను. వాడు దారి పొడవునా ఒకటే మాట: "ఎట్ల బావా? రేపు జనం వచ్చి బండేదంటరు. అబద్ధమాడిండని వాపసు పోతరు. ఒక్క కుర్చీ చాలు బాపుకు."

కొట్టం దొరకడం కష్టం కాలేదు. బర్రెలు ఇంత శుభ్రంగా నిలబడిన కొట్టం ఆ మండలంలో మరొకటి లేదు. ఒక పెద్దమ్మ, పొలం గట్టులా గట్టిగా, గడ్డి వేస్తోంది. తరాలుగా మందలు మేపిన ఇల్లు. సంగతి చెప్పాం. నేల చూశాం. ఎటు చూసినా గరుకు బండలే, ఒక్క అక్షరం లేదు.

"నునుపు మీదికేస్తే బర్రె జారి కాలిరగదా కొడుకా?" అంది పెద్దమ్మ. "నునుపు కిందికి, గరుకు మీదికి. మా తాతల నాటి నుంచి గంతే."

మన సినిమా చరిత్ర నేలకు మొహం పెట్టి ఎక్కడో పడుకుని ఉంది.

"అన్నిట్ల పెద్ద బండ ఏది పెద్దమ్మా?"

"పెద్ద బండ పెద్ద బర్రెకే. అగో."

ఆమె చూపించిన బర్రెను నేను మొదట కొండ అనుకున్నాను. అనంతగిరి నుంచి ఒక ముక్క విరిగి వచ్చి గడ్డి నములుతోందని నమ్మాను. బామ్మర్ది దాన్ని తోశాడు. అది వాడి వైపు తల తిప్పి, మా మామ చూసినట్టే చూసింది.

"దేనికి తోస్తవ్ దాన్ని?" అంది పెద్దమ్మ. "ఏమున్నదా బండ మీద?"

బామ్మర్ది ఇంకా బర్రెను తోస్తూనే ఉన్నాడు. నేనే చెప్పాను. దేశంలోని భాషలన్నీ ఏటేటా ఎత్తుకుపోయిన బహుమతి ఒకటుందని, ఎన్నో ఏళ్ళకు ఒకే ఒక్కసారి మన తెలుగుకు వచ్చిందని, ఆ సంగతి చెక్కిన బండ ఇదని, అది రేపు గోడ మీద లేకపోతే ఈ పిల్లవాడి హాలు పెళ్ళి మండపం అయిపోతుందని.

పెద్దమ్మ చేతిలోని గడ్డి కింద పడేసింది.

"గంత కష్టపడి వస్తే, నా బర్రె దాని మీద పేడ వెట్టె. మంచిగలేదు ముచ్చట." గట్టిగా నాలుక చప్పరించగానే ఆ కొండ అడుగు తీసి పక్కకు జరిగింది. "లేవుండ్రి. దీని బదులు ఇంకో బండ తెచ్చియ్యాలె, గింత వెడల్పుదే. మరి రేపు మేం రావొద్దా సినిమాకు?"

"రావాలె పెద్దమ్మా! నువ్వు, మీ ఇంటోళ్ళు, అందరు ఫుకట్‌గ..."

"ఫుకట్ ఎవనికి గావాలె? టికెట్ కొంటం. నా బర్రె నిలవడ్డ బండ అది. మావోళ్ళందరు చూడాలె."

గడ్డపారలు వేసి బండ తిప్పాం. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బామ్మర్ది కొట్టంలోనే చిందులు వేస్తున్నాడు. గీత పడలేదు, పెచ్చు ఊడలేదు. చెక్కిన అక్షరాల్లో ఎర్రమట్టి కూరుకుని గట్టిపడింది. నీలం రాతి మీద ఎర్రటి తెలుగు. ఏ రంగులవాడు వేసినా అంత కుదరదు. ఆ మట్టిని కడగొద్దని నేనే చెప్పి, రాత్రికి రాత్రే బండను హాలు వరండా గోడకు చేర్పించాను.

మర్నాడు ఆటకు ముందు జనం బాగానే వచ్చారు. బాగానే అంటే సగం. బామ్మర్ది వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఖాళీ కుర్చీల వైపు చూడకుండా ఉండడానికి శతవిధాల ప్రయత్నిస్తున్నాడు. అప్పుడు వినబడింది ట్రాక్టర్ల చప్పుడు. ఒకటి కాదు. ట్రాలీల నిండా కోట్‌పల్లి. ముసలివాళ్ళు, పడుచులు, చంకల్లో పిల్లలు, ముందు ట్రాలీలో సేనాపతిలా పెద్దమ్మ. దిగీ దిగగానే బండ దగ్గరికి పోయి చేయి వేసింది.

"ఇగో, గిదే. గిక్కడ్నే నా బర్రె ముందటి కాలుండె."

ఆ కాలున్న చోట నిలబడి ఫోటో దిగడానికి ఏర్పడిన వరస రైల్వే స్టేషన్ దాకా పోయిందని నేనంటే మా ఆవిడ కాదంటుంది. ఆవిడ వరసలో ముందుంది కాబట్టి వెనక ఎంతుందో ఆవిడకేం తెలుసు? టికెట్ల కిటికీ మూసేశారు. మెట్ల మీద కూర్చున్నారు, గోడలకు ఆనుకున్నారు. పావురాలకు కూడా చోటు లేక బయటికి వెళ్ళిపోయాయి.

ఆట మొదలయ్యాక, కావాలనే ఆలస్యంగా, మామ వచ్చాడు. ఖాళీ కుర్చీ వెతుకుదామని వచ్చినవాడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. తెర మీద పేరు పడగానే హాలు హాలంతా లేచి వేసిన ఈల ఆయన తలపాగాను కదిలించింది.

"నాకో కుర్చీ వెయ్‌రా," అన్నాడు కొడుకుతో.

"లేదు బాపు." వాడి కళ్ళలో నీళ్ళు, మొహమంతా నవ్వు. "హౌస్‌ఫుల్. నిలవడి చూడాలె."

కన్నతండ్రికి సీటు లేదని అంత ఆనందంగా చెప్పిన కొడుకును నేను లోకంలో ఇంకెక్కడా చూడలేదు. మామ నా వైపు చూశాడు, హాలు వైపు చూశాడు, గోడకు వీపు ఆనించాడు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. ఆయన ముందే మాట్లాడిపెట్టుకున్న మండపాలు కట్టేవాడు. రేపు ఎన్నింటికి రమ్మంటారని.

మామ ఒక చెవి మూసుకుని గట్టిగా అరిచాడు. "ఆఁ? వినవస్తలేదు! ఏం వినవస్తలేదయ్యా, హాలు నిండింది! రాకు! రేపు రెండో ఆట ఉన్నది!"