మా మామ చుట్టల కార్డులు

పొద్దున పదిగంటలప్పుడు మా అంగడి షట్టరు దించిన చప్పుడు వినిపించింది. బ్రూస్‌పేటలో ఆ వేళకు ఏ అంగడీ షట్టరు దించదు. నేను వంటింట్లో కందిపప్పు ఉడికిందో లేదో పలుకు తీసి నొక్కి చూస్తున్నాను. చప్పుడు విన్నాక కూడా ఇంకొక పలుకు తీసి నొక్కాను. ఉడికింది. స్టవ్ ఆపాను. ఆస్పత్రి నుంచి వచ్చిన మా ఆయన చెప్పులు కూడా విడవకుండా వంటింటి గడప దగ్గర నిలబడి, "నాయన పోయినాడు" అన్నాడు. "పప్పు దించేసినాను" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు.

అది జరిగి నెల కావస్తోంది. నాకు ఏడుపు రాలేదు. చూడవచ్చినవాళ్లు కోడలు గట్టిమనిషి అనుకుని వెళ్లారు. గట్టిదనమేమీ కాదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో అలా ఉంది, తాకితే మనదేనని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. మా ఊరి వర్తక సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు రాసిమ్మని అడిగారట. మా ఆయన తెల్లకాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, "నాయన మాటలన్నీ రాసింది నువ్వే గదా" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

చదివేవాళ్లలో చాలామందికి మా మామ, అంటే మా ఆయన తండ్రి, చుట్టల అంగడి ఆసామిగానే తెలుసు. మా అంగడిలో బీడీలు, సిగరెట్లు ఉండేవి కావు. చేత్తో చుట్టిన చుట్టలు మాత్రమే, అందులోనూ మేలురకం. గోదావరి లంకల ఆకుతో చుట్టినవి, తమిళదేశం నుంచి కొయ్యపెట్టెల్లో వచ్చేవి, మా ఊళ్లోనే ఒకరిద్దరు పనిమంతులు చుట్టినవి. లారీ సరుకు దిగిన మర్నాడు మా మామ ఒక్కొక్క పెట్టెలోంచి ఒక్కొక్క చుట్ట తీసి రుచి చూసేవాడు. చూసి, ఎలా ఉందో పోస్టుకార్డు మీద రాయించి, ఖాతాదారులందరికీ పంపేవాడు. కాలువ కింద క్యాంపుల్లో వరి పండించే కోస్తా రైతులు, కప్పగల్లు గౌడలు, ఊళ్లో ప్లీడర్లు, రిటైరైన మేష్టర్లు ఆ కార్డు చూసుకుని అంగడికి వచ్చేవాళ్లు. కార్డు రాకముందే వచ్చి అడిగితే, "ఇంకా నేనే సూడలేదప్పా" అని పంపేసేవాడు.

నేను గుత్తి నుంచి రాష్ట్రం దాటి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది డెబ్బైల్లో. అప్పటికి ఆ కార్డులు రాసే గుమాస్తా రాత కోడి గెలికినట్టుండేది. నా చేతిరాత బాగుంటుందని మా ఆయన ఎప్పుడు చెప్పాడో, ఒకరోజు మా అత్త వచ్చి నన్ను కొట్టుగదిలో కూర్చోమంది. కొట్టుగదికీ నడవకూ మధ్య గడప, గడపకొక నీలం పరదా. ఆ రోజుల్లో మామ ఎదుట కోడలు కూర్చునేది కాదు. అందుకని ఆయన పరదాకు అవతల పీట మీద, నేను ఇవతల చాప మీద. కనిపించేది ఆయన కాళ్లు, పక్కన బూడిద రాల్చుకునే ఇత్తడి మూత, ఒక గిన్నెడు బొరుగులు. ఇరవై ఏళ్లు నేను ఆయన్ను ఎక్కువగా చూసింది ఆ పాదాలనే.

కాఫీ తాగకముందే కూర్చునేవాడు. నీళ్లు పుక్కిలించి నాలుగు బొరుగులు నమిలేవాడు, నోరు శుభ్రమవుతుందని. చుట్టను చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కేవాడు. ఆ చిటపట నాకూ వినిపించేది. అగ్గిపుల్ల గీసి గంధకం వాసన పోయేదాకా ఆగి అంటించేవాడు. పొగ మింగేవాడు కాదు, నోట్లో తిప్పి వదిలేవాడు. ఒక చుట్టకూ ఇంకొక చుట్టకూ మధ్య మళ్లీ నాలుగు బొరుగులు. పొద్దుటికి మూడే చుట్టలు. నాలుగోది ముట్టమంటే, "సాకప్పా, ఇంక సాలు, నాలిక మొద్దుబారినాక చెప్పేదంతా అబద్ధమే" అనేవాడు.

మొదటిరోజు ఆయన ఏమీ చెప్పకముందే నేను 'సరుకు చాలా బాగున్నది' అని రాసి పెట్టాను. గుమాస్తా పాతకార్డుల్లో అలాగే ఉండేది. పరదా కింద నుంచి కార్డు తీసుకుని చదివి, తిరిగి లోపలికి తోశాడు.

"బాగుందని రాయద్దమ్మా. బాగుందనేది యాపారం మాట. ఎట్లుందో రాయి."

"ఎట్లుండాది మామా?"

ఆయన ఇంకొకసారి పొగ నోట్లో తిప్పి వదిలాడు. తర్వాత చెప్పాడు, నేను రాశాను: 'తడి ఆరిన మట్టి వాసన. సగం కాలినాక వేరుశెనగ పొట్టు వేయించినట్టు. మెల్లగా కాలుతుంది, తొందర మనిషికి పనికిరాదు.' ఆ కార్డులు ముప్పై రాశాను. రాసేసరికి, ఎన్నడూ చుట్ట ముట్టని నాకు నోట్లో వేరుశెనగ రుచి వచ్చింది.

అలా మొదలైంది. ఆయన మాటల్లో ఒక చుట్ట అంటే, "మొదట్లో కొత్తల్లుడు మాదిరి మెత్తగుంటాది. సగానికొస్తే ఇంట్లోమనిషి. కడాకు ముసలోడైపోతాది, చేదు మాట్లాడతాది. ఆ చేదులో నిజమెంతో సూడల్ల." తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలైన కాలంలో ఒక ఇంజనీరు వచ్చి అన్నిటికంటే మంచిది ఏదని అడిగాడు. "ఎవరికప్పా?" అన్నాడు మా మామ. ఆ పిల్లవాడు సిగరెట్ల అంగడి ఎక్కడని అడిగి వెళ్లిపోయాడు. మా ఆయనను మాత్రం చుట్ట ముట్టనివ్వలేదు. "ఇంటికొక నోరు పాడైతే సాలు" అనేవాడు. చివరికి ఆయన ప్రాణం తీసింది ఆ పొగేనని డాక్టరు చెప్పాడు. కాదని నేను రాయను.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఇకమీద రాసేది మా ఆయనకు కూడా తెలియదు. ఈ కాగితాలు పత్రికకు పోయేముందు ఆయనే చదువుతాడు కాబట్టి ఇలాగే తెలియనీ.

ఎనభైల మధ్యలో మా మామకు ఒక జ్వరం వచ్చింది. ఇరవైరోజులు మంచం మీద ఉన్నాడు. లేచాక ఒక పొద్దున నడవలో పేపరు చదువుకుంటున్నాడు, పక్కనే కుంపటి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడిపోయింది. పెరట్లో ఉన్న నాకు వాసన వచ్చి పరుగెత్తుకొచ్చాను. ఆయన పేపరు మడిచి గిన్నె వంక చూసి, "అయ్యో, సూడనే లేదమ్మా" అన్నాడు. నేను కూడా అదేననుకున్నాను, పేపరులో మునిగిపోయాడని.

ఆ ఏడాది వానల్లో ఒక లారీ వచ్చింది. పెట్టెలు దించి కొట్టుగదిలో పెట్టగానే నాకు బూజు వాసన తగిలింది. దారిలో టార్పాలిన్ చిరిగి సరుకు తడిసి ఉండాలి, ఎవరో ఎండబెట్టి మళ్లీ సర్ది పంపారు. పైకి చూస్తే ఎండినట్టే ఉంది. మర్నాడు మామ పీట మీద కూర్చున్నాడు. చెవి దగ్గర నొక్కితే చిటపటలాడింది. అంటించాడు. బూడిద తెల్లగా, గట్టిగా వచ్చింది. ఆ పొగ పరదా దాటి వచ్చేసరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. తడిగోనె కాల్చినట్టుంది. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు పెట్టెలు వాపసు పంపమంటాడు అని చూస్తున్నాను.

"రాయమ్మా," అన్నాడు. "పాత చందనం పెట్టె తెరిచినట్టు. తియ్యగా మొదలయితాది."

నా చేయి కార్డు మీద ఆగిపోయింది. నన్ను పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను. పరదా కింద ఆయన పాదాలు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉన్నాయి. బొరుగులు నమిలి రెండోది అంటించాడు. దానికీ ఏవో మంచిమాటలే చెప్పాడు. అప్పుడు నాకు మాడిన పాలగిన్నె గుర్తొచ్చింది.

ఆ కార్డులు అలాగే పోతే, క్యాంపు రైతులు ఆ మాట నమ్మి వచ్చి పెట్టెలు కొని, ఇంటికెళ్లి ఒకటి అంటించి ఉమ్మేస్తారు. మామ మాట ఆ రోజుతో సరి. పోనీ మార్చి రాస్తే, మామ చెప్పింది కాదని రాసిన కోడలినవుతాను. ఆయనతోనే చెబుదామంటే, ఆ పరదా వెనక నుంచి ఏమని చెప్పాలి? మీకు వాసన తెలియడం లేదని ఏ నోటితో అనాలి? రెండురోజులు అన్నం సయించలేదు. చివరికి ముప్పైరెండు కార్డుల మీదా ఒకటే రాశాను: 'ఈ తూరి వచ్చిన సరుకు తడిసింది. బూజు వాసన. తీసుకోవద్దు.' నేనే పోయి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. ఇంట్లో గుడికని చెప్పాను.

వారానికి క్యాంపు నుంచి ఒక పెద్దరైతు కార్డు పట్టుకుని వచ్చాడు. పుట్టింది గోదావరి లంకల్లో, ఆకు సంగతి ఆయన దగ్గర ఎవరూ చెప్పనక్కర్లేదు. నడవలో కూర్చుని పెద్దగా నవ్వాడు.

"ఇదేం విడ్డూరమండీ, మీ సరుకు మీరే వద్దని రాశారేంటండీ? మా క్యాంపంతా ఇదే మాట్టాడుకుంటున్నారు."

కొట్టుగదిలో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా మామ "ఏదీ, ఇట్ల ఇయ్యప్పా" అన్నాడు. కార్డు చదువుతున్నాడు. మూడు చిన్న వాక్యాలు చదవడానికి అంతసేపు పట్టదు. 

"రాసినామంటే రాసినామే. బాగలేదు, రాసినాము. దాన్లో ఇడ్డూరమేముండాది?" అన్నాడు. రైతుకు మజ్జిగ ఇప్పించి పంపాడు.

అతను పోయాక పీట జరిపిన చప్పుడైంది. పాదాలు పరదా దగ్గరకు వచ్చి ఆగాయి.

"బూజు శానా ఉండాదామ్మా?"

"శానా ఉండాది మామా."

పాదాలు ఒక అడుగు వెనక్కి జరిగాయి. తర్వాత, "నాకు రాలేదు" అన్నాడు. అంతే. పెట్టెలన్నీ ఆ సాయంత్రమే లారీ ఆఫీసుకు వాపసు పోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో, ఆ రాత్రి నిద్ర పట్టేది.

తర్వాతి సరుకు వచ్చినప్పుడు, అంటించిన చుట్టను ఇత్తడిమూత మీద పెట్టి పరదా కింద నుంచి లోపలికి తోశాడు. "ముందు నువ్వు సూడమ్మా" అన్నాడు. నేను వాసన చూసి, తెలిసిన మాటల్లో చెప్పాను. గానుగ దగ్గర వచ్చే వాసన లాంటిదంటే, "నూనె గానుగా, బెల్లం గానుగా?" అని అడిగాడు. చెరుకు పిప్పి ఎండలో వేసినట్టు అన్నాను. "అదీ. అది రాయి" అన్నాడు. అలా పదేళ్లకు దగ్గర. ఆయన నీళ్లు పుక్కిలించడం, బొరుగులు నమలడం, మూడు చుట్టలు కాల్చడం ఏదీ మానలేదు. అంగడికి వచ్చినవాళ్లు ఆయన ముక్కును మెచ్చుకుంటే తల వంచుకుని వినేవాడు. ఒక్కసారి మాత్రం, మేష్టరు ఎవరో మరీ పొగిడితే, "ఇంట్లో సూసేవాళ్లుండారప్పా" అన్నాడు. మేష్టరుకు అర్థం కాలేదు. కొట్టుగదిలో నాకు అర్థమైంది, ఆ రోజంతా సంతోషంగా తిరిగాను.

ఆస్పత్రిలో ఆఖరిసారి మాట్లాడినప్పుడు కూడా, "సరుకొచ్చిందా? ఎట్లుండాది?" అని అడిగాడు. లారీ రాలేదు. అయినా, "తడి ఆరిన మట్టి వాసన మామా. సగం కాలినాక వేరుశెనగ పొట్టు" అన్నాను. ఆయన కళ్లు మూసుకునే కొంచెం నవ్వాడు. "అది పాతది లేమ్మా" అన్నాడు.

ఇది రాయవచ్చా అని చాలా ఆలోచించాను. పోయినవాళ్ల లోపం బయటపెట్టడం తప్పు కావచ్చు. కానీ బాగున్నాడని రాయడం ఆయనకే నచ్చదు.

నిన్న లారీ వచ్చింది. కార్డులు లేకపోతే ఎలా అని క్యాంపు నుంచి అప్పుడే మనిషి వచ్చి అడిగిపోయాడట. పొద్దున నేను కొట్టుగదిలో చాప వేసుకుని కూర్చున్నాను. అవతల పీట అలాగే ఉంది. చుట్ట నేనే అంటించి ఇత్తడిమూత మీద పెట్టాను. వంగి వాసన చూశాను. ఏమీ లేదు. ఇంకా దగ్గరగా వంగాను, కళ్లలో నీళ్లు తిరిగాయి, అది పొగకు. వాసన మాత్రం లేదు. అప్పుడు తట్టింది, ఈ నెలరోజులుగా పోపు వాసన లేదు, పూల వాసన లేదు, కాఫీ వాసన లేదు. నేనే గమనించలేదు. పదేళ్లు ఆ పీట మీద ఆయన ఇలాగే కూర్చున్నాడన్నమాట.

మా ఆయన నడవలోంచి వచ్చి పరదా అవతల నిలబడ్డాడు. "ఎట్లుండాది?" అన్నాడు.

మూతను మెల్లగా పరదా కింద నుంచి అవతలికి తోశాను. "ముందు మీరు సూడండి" అన్నాను.

పీట కిర్రుమంది. కూర్చున్నాడు. జన్మలో చుట్ట ముట్టని మనిషి చాలాసేపు వాసన చూశాడు.

"పొగ వాసన" అన్నాడు.

మామ ఉంటే నవ్వేవాడు. నేను కార్డు తీసి రాశాను: 'మా మామ లేరు. ఈ తూరి సరుకు ఎట్లుందో, వాసన నాకు రాలేదు.' సిరా ఆరేదాకా ఆ కార్డు ముందు కూర్చున్నాను. పరదా కింద మా ఆయన పాదాలు, వాటి పక్కన ఇత్తడిమూత మీద ఎవరూ కాల్చకుండానే కాలుతున్న చుట్ట. బూడిద వేలంత పొడుగు పెరిగింది, ఇంకా రాలలేదు.